కింద వాటా డబ్బా

పిన్ని చేతికిచ్చిన అన్నం డబ్బాను సిసింద్రీ రెండు వేళ్లతో పట్టుకుంది, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు.

"మొత్తం తిని రా," అంది పిన్ని.

"చూద్దాం."

"చూసేదేముంది? ఏది నచ్చదో నోరు తెరిచి చెప్పి ఏడువు."

"ముల్లంగి. ఇంకా చెప్పాలంటే, నువ్వు చేసిందేదైనా."

నాన్న షర్టు గుండీలు పెట్టుకుంటూ వరండాలోకి జారుకున్నాడు. వీళ్లిద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. నాన్న ఈవిణ్ని పెళ్లి చేసుకుని తెచ్చిన రోజు నుంచీ సిసింద్రీ వంటింటి గడప తొక్కలేదు. రాత్రిళ్లు నాన్న ఉడికించిందే తింటుంది, అది మాడినా సరే. పొద్దున నాన్నకి డ్యూటీ తొందర కాబట్టి స్కూలు డబ్బా మాత్రం పిన్ని వంతు. పిల్లకి ఆ పేరు ఊరికే పెట్టలేదు.

స్కూల్లో సైన్సు మేడం కొత్తగా ఒక ప్రాజెక్టు ఇచ్చింది. నెల్లాళ్లు ఏదో ఒక డబ్బాను రోజూ కనిపెట్టి చూడాలి. అందులో ఆకుకూర ఎంత, పండు ఎంత, నూనె ఎంత, ఒంటికి పట్టేది ఎంత. చివరికి మట్టితో నమూనా చేసి తల్లిదండ్రుల ముందు పెట్టాలి. అన్నిటికంటే మంచి డబ్బా కట్టినవాళ్లని వేదిక మీదికి పిలిచి బహుమతి ఇస్తారు.

సిసింద్రీకి సందు దొరికింది. ఆ సాయంత్రమే నాన్నను పట్టుకుంది.

"ఆవిడ పెట్టేది తినడానికి పనికిరాదని మా మేడమే చెబితే, నన్ను అమ్మమ్మ దగ్గరికి పంపించేస్తావా?"

నాన్న తల గోక్కున్నాడు.

"మేడం అలా అంటే పంపిస్తా," అన్నాడు చివరికి.

అంతే, పిల్ల పని మొదలుపెట్టింది. కింద వాటాలో ఉండే పిల్లది సిసింద్రీ తరగతే, సిసింద్రీ బెంచీయే. వాళ్లమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు. మధ్యాహ్నం గంట కొట్టగానే సిసింద్రీ తన డబ్బాను మూత తియ్యకుండా ఆ పిల్ల ముందుకు తోసేసి, ఆ పిల్లది లాక్కునేది. తన డబ్బాలో ఏముందో చూడ్డానికి కూడా తల తిప్పేది కాదు.

కింద వాటా డబ్బా తెరిస్తే ప్రాణం లేచొచ్చేది. పాలకూర కలిపిన అన్నం, మీద వేయించిన నువ్వులు. ఉడికిన గుడ్డు ముక్కలు. ఓ మూల దానిమ్మ గింజలు. ముల్లంగి ఊసే లేదు.

"మీ అమ్మ చెయ్యి ఎంత మంచిదే," అనేది సిసింద్రీ, వేళ్లు నాకుతూ.

"మిగల్చకుండా తిను. మిగిలిస్తే నాకు తిట్లు పడతాయి," అనేది ఆ పిల్ల.

ఓ సాయంత్రం పిన్ని ఖాళీ డబ్బా విప్పి చూసింది.

"నువ్వే తిన్నావా, కుక్కకి పెట్టావా?"

"కుక్క కూడా ముట్టదు. కింద ఆంటీని చూసి నేర్చుకో. రాత్రంతా మేలుకుని వచ్చి కూడా డబ్బా ఎంత బాగా కడుతుందో. నువ్వు రాత్రంతా గుర్రుపెట్టి నిద్రపోయి ఏం కడుతున్నావు?"

పిన్ని మొహం కందగడ్డలా అయింది.

"పొరుగింటి పుల్లకూర రుచి," అని గొణిగి, గిన్నెల మీద కోపం తీర్చుకుంది.

ప్రదర్శన రోజు రానే వచ్చింది. పిన్ని కూడా రావాల్సిందేనని సిసింద్రీ పట్టుబట్టింది. ఆవిడ లేని చోట ఆవిడ పరువు పోతే ఏం లాభం?

బల్ల మీద సిసింద్రీ నమూనాలు రెండు. ఎడమ వైపు కింద వాటా డబ్బా, ఆఖరికి దానిమ్మ గింజలకి కూడా రంగు వేసింది. కుడి వైపు ఉత్త డబ్బా. దాని ముందు అట్టముక్క మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు. "మా పిన్ని కట్టేది. సున్నా."

"ఇందులో ఏముండేది?" అని అడిగింది మేడం.

"తినదగ్గదేదీ లేదు మేడం."

"తెరిచి చూశావా?"

సిసింద్రీ ఎడమ వైపు నమూనాను ముందుకు జరిపింది. మేడం నొసలు చిట్లించి, ఎడమ వైపు నమూనాకే మార్కులు వేసి ముందుకు కదిలింది.

కానీ వచ్చిన తల్లులు ఆ ఎర్ర అక్షరాలు చదవనే చదివారు. చెవులు కొరుక్కున్నారు. నాన్న నేల చూపులు చూశాడు. పిన్ని కూడా చదివింది. చదివి, వెళ్లి వెనక వరుసలో కూర్చుంది. సిసింద్రీకి కడుపు నిండినట్టయింది. అమ్మమ్మ ఇంటికి ఏ బట్టలు సర్దుకోవాలో మనసులో అప్పుడే లెక్క వేసుకుంది.

మేడం మైకు అందుకుంది.

"మొదటి బహుమతి సిసింద్రీ చూపించిన ఎడమ వైపు డబ్బాకి. అది కట్టినవారు వేదిక మీదికి రావాలి."

సిసింద్రీ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. వెనక్కి తిరిగి పిన్ని కళ్లలోకి చూస్తూ మరీ కొట్టింది. పక్కనున్న కింద వాటా పిల్ల మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచేసుకుంది.

ఆ పిల్ల వాళ్లమ్మ ఆసుపత్రి బట్టల్లోనే వచ్చి పిన్ని ముందు కుర్చీలో కూర్చుంది, కళ్లు ఇంకా నిద్రకి మూతలు పడుతున్నాయి. సిసింద్రీ వేలు చూపించేసరికి అందరూ ఆవిడ వైపే చూశారు.

"నేను డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి మా పిల్ల స్కూల్లో ఉంటుందండీ, రోజూ పొద్దున్నే, సిసింద్రీ కిందికి దిగకముందే, మెట్ల దగ్గర దాని చేతిలో ఆ డబ్బా కట్టి పెట్టేది ఈవిడ," అంటూ ఆంటీ వెనక్కి తిరిగి పిన్ని చెయ్యి పట్టుకుని లేపింది.