మీ అమ్మకి చెప్పు

నవంబరు 9, మంగళవారం. పొద్దుట మంచు పడింది, మధ్యాహ్నానికి తెరిపిచ్చింది. కట్టెలు కొట్టి గోడవార పేర్చాను.

అల్లుడు అత్త మొహం చూడకూడదు, ఆమెతో నేరుగా మాట్లాడకూడదు. అమెరికాలో మా లకోటా తెగవాళ్ళలో అది మర్యాద. అందుకే మా అత్తగారూ నేనూ ఏం చెప్పుకున్నా నా భార్య డెల్ఫీన్ ద్వారానే.

"మీ ఆయన కొట్టినవి పచ్చి కట్టెలని చెప్పవే. పొగపెట్టి నన్ను తరమడానికే," అంది అత్తగారు.

"పొగకి పోయే మనిషైతే మన పెళ్ళైన ఏడాదే పోయేదని మీ అమ్మకి చెప్పు," అన్నాను కిటికీ వైపు చూస్తూ.

అత్తగారు నవ్వలేదు. "రేపు మా చెల్లెలి కొడుకు బండి తెస్తున్నాడు. రోజ్‌బడ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానని చెప్పవే. ఇంక నాకిక్కడేముంది?"

నేను కిటికీ వైపే చూస్తూ అన్నాను, "మీ అమ్మని ఉండమను. ఇంగ్లీషులో పలకరించేవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఆవిడ కూడా వెళ్ళిపోతే ఈ ఇంట్లో మన లకోటా మాట వినపడదు."

అత్తగారు పొయ్యిలో ఇంకో కట్టె వేసిన చప్పుడైంది.

మొన్న శనివారం డెల్ఫీన్‌ని కొండ మీద పాతిపెట్టి వచ్చాం. పొయ్యి దగ్గర ఆమె కుర్చీ అలాగే ఉంది. ఇద్దరం దానితోనే మాట్లాడుతున్నాం. ఒక్కో మాట అన్నాక, ఆమె అందించేంత సేపు ఆగుతున్నాం.

"ఉంటాన్లే అని చెప్పవే," అంది చివరికి అత్తగారు.

నాకు వినపడింది. అయినా డెల్ఫీన్ చెప్పేదాకా ఆగాను. చీకటి పడకముందే గుర్రానికి నీళ్ళు పెట్టి వచ్చాను.