తుపాకి పేలే టీవీ

"చెయ్యి తియ్యి!" అని అరిచాడు వేణు.

డబ్బా టీవీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డ మనిషి తీయలేదు.

"నేను ముందొచ్చిన. సంగమేశ్వర్ నాకు మాటిచ్చిండు," అన్నాడు.

పాత సామాన్ల దుకాణం సంగమేశ్వర్ తేలు కుట్టిన దొంగలా గల్లాపెట్టె సర్దుకుంటున్నాడు.

వేణుకు పొద్దుటి నుంచీ మండిపోతోంది. నిజం చెప్పాలంటే నిన్న పుణె నుంచి వచ్చి బస్సు దిగినప్పటి నుంచే మండిపోతోంది. చెల్లెలు సంతోషిని కంగ్టి రోడ్డు మీద లారీ గుద్దిన సంగతి కట్టు విప్పాక గాని ఇంట్లో అతనికి చెప్పలేదు.

"పరేషాన్ అయితవని చెప్పలే బిడ్డా," అంది తల్లి నీలమ్మ.

ఆ మాటకు ఇంకా మండింది.

సంతోషి కుడిచెయ్యి లేవడం లేదు. ఇలాగే వదిలేస్తే భుజం బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. కసరత్తు చెయ్యమంటే ఏడుస్తుంది, గోడవైపు తిరిగి పడుకుంటుంది.

కాని ఆమె దిండు పక్కన చిన్నప్పటి వీడియో గేమ్ తుపాకి కనిపించింది వేణుకు. తెర మీద ఎగిరే పిట్టలను దానితో కాల్చడంలో అతను ఏనాడూ చెల్లెలిని గెలవలేదు. ఆట మీదైనా మనసు పుడితే చెయ్యి అదే లేస్తుందని ఆశ పుట్టింది.

గోడకు తగిలించే కొత్త టీవీల్లో ఆ తుపాకి పేలదు. డబ్బా టీవీ వెలుగును మాత్రమే అది పట్టుకుంటుంది. ఇంటికి కొత్త టీవీ వచ్చిన రోజే అన్నాచెల్లెళ్లిద్దరూ ఏడ్చి తెలుసుకున్న సంగతి అది.

అందుకే ఎవరికీ చెప్పకుండా బయలుదేరాడు.

తమ ఊరు ఖేడ్‌లో ఎక్కడుంది డబ్బా టీవీ? ఉల్లిగడ్డలకొకటి, ప్లాస్టిక్ బకెట్‌కొకటి ఎప్పుడో ఇచ్చేసుకున్నారు జనం. దుకాణాల వెనక అద్దం పగలగొట్టి, రాగితీగ పీకేసిన డొల్లలే కనిపించాయి. చూసిన చోటల్లా పళ్లు కొరికాడు.

ఇక్కడ, సంగమేశ్వర్ దగ్గర రెండు మిగిలాయి. పెద్దది వెయ్యగానే తెర ఒక మూల పచ్చబడి, బొమ్మ సాగిపోయింది. చిన్నదాంట్లో బొమ్మ నిలకడగా ఉంది. ఆట వైర్లు గుచ్చే సందులూ ఉన్నాయి. తీసుకుంటే అదే తీసుకోవాలి.

దాని మీది చెయ్యి తియ్యకుండానే ఈ మనిషి వెనకవైపు వంగి, ఫోన్ లైటు వేసి లోపలికి చూస్తున్నాడు. మాసిన చొక్కా, కాయలు కాసిన చేతులు.

"రాగి ఎంతెల్తదని చూస్తున్నవా?" అన్నాడు వేణు.

"రాగి ఏంది తమ్మీ? మా బిడ్డకు తెస్తనని మాటిచ్చిన."

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట ఒకడు. ఈ రోజుల్లో డబ్బా టీవీ అడిగే బిడ్డ ఎక్కడైనా ఉంటుందా?

"దొంగ కథలు చెప్పకు. నీ అసొంటోళ్లే సుత్తెలు వట్టుకొని ఊరంత పలగ్గొట్టిన్రు!"

ఆ మనిషి మొహం కందిపోయింది.

"నోరు మంచిగ వెట్టుకో. రేపు పొద్దుగాల చెరుకు కొట్టనీకి కర్ణాటక పోతున్నం. మళ్ల ఎండకాలం దాక రాను. నువ్వంటే జవాన్ పోరనివి, యాడన్న తిరిగి తెచ్చుకుంటవు. గిదొక్కటి ఇడిసిపెట్టు."

"నేనెందుకు ఇడుస్త?"

"పోనీ నీకెందుకో చెప్పు. నిజంగ అవుసరముంటే నేనే ఇడిసిపెడ్త."

మంచం పట్టిన చెల్లెలి సంగతి రాగితీగలు పీక్కునేవాడికి చెప్పడమా? వేణు జేబులోంచి నోట్లు తీసి గల్లాపెట్టె మీద కొట్టాడు.

సంగమేశ్వర్ నోట్ల వైపు చూశాడు, తరువాత నేల వైపు చూశాడు.

"ఏమనుకోకు బాలప్పా," అన్నాడు.

"మాటంటే గిదేనా సంగమేశ్వర్?"

వేణు అప్పటికే విసురుగా టీవీని ఎత్తాడు. డబ్బా టీవీకి బరువంతా అద్దం వైపే. అది చేతుల్లోంచి ముందుకు ఒరిగింది.

బాలప్ప ఒక్క ఉదుటున వచ్చి పట్టుకున్నాడు.

"జరుగు! కోపముంటే నా మీద సూపియ్యి, టీవీ ఏం జేసింది? అద్దం కడుపు దిక్కు వెట్టుకొని ఎత్తాలె."

తనే మోసుకెళ్లి బయట ఆటోలో పెట్టాడు. కుదుపులకు కదలకుండా తన తువ్వాల మడిచి కింద దోపాడు.

వేణు ఆ తువ్వాలను లాగి రోడ్డు మీదికి విసిరేశాడు.

"నీ ఉపకారం నాకొద్దు. పో, ఇంకో టీవీ పలగ్గొట్టుకో!"

బాలప్ప వంగాడు. తువ్వాల ఏరుకుని దులుపుకున్నాడు. బస్టాండు వైపు గబగబా నడిచి వెళ్లిపోయాడు.

వేణు గెలిచిన ఊపులో ఇంటికి వచ్చి, అటక మీది పాత వీడియో గేమ్ దించి వైర్లు గుచ్చాడు. తెర మీద పిట్టలు ఎగిరాయి.

సంతోషి మంచం మీద లేచి కూర్చుంది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని తుపాకి పైకి లేపింది. చెయ్యి వణికింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా దించలేదు.

ఒక పిట్ట రాలింది.

"కొట్టిన అన్నా!" అని కేక పెట్టింది.

వేణు కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు. చెల్లెలి తల నిమురుతూ నిలబడిపోయాడు.

నీలమ్మ వంటింట్లోంచి వచ్చి టీవీని చూసింది. సంబరంగా వాకిలి దాకా వెళ్లి అటూ ఇటూ చూసింది.

"ఏడిరా బాలప్ప? బయటనే నిలవెట్టినవా?"

"ఏ... ఏ బాలప్ప?"

"అయ్యో, నీకు చెప్పనే లేదు గద. డబ్బా టీవీ యాడున్నా తెస్త బిడ్డా అని సంతోషికి మాటిచ్చి పొద్దుగాలనే బజారుకు పోయిండు. చెరుకుకు పోయేముందు నిన్ను గూడ ఒక్కపారి సూసి పోతనన్నడు. లారీ గుద్దిననాడు అందరు ఫోన్లు వట్టుకొని వీడియోలు తీస్తుంటే, దీన్ని చేతుల మీద ఏస్కొని దవాఖానకు ఉరికినోడు గాయినే రా."