మొదలయ్యే చోటు

“ఏమైనా తిన్నావా అమ్మా?” అడిగింది ఫెమ్కె, తీనె నల్లకోటు కాలరు సరిచేస్తూ.

“చీజు పెట్టుకుని ఒక బ్రెడ్డు ముక్క. అదీ గొంతులోనే ఉంది.”

“ఈ నీళ్ళు తాగు. ఆ ప్రొఫెసర్ బోస్‌మా గారేం అడిగినా గబుక్కున నోరు తెరవకు. ఊపిరి పీల్చుకుని మాట్లాడు.”

“నువ్వు ఎదురుగా కూర్చుని గోళ్ళు కొరక్కు. నిన్ను అలా చూస్తే నేను అన్నీ మర్చిపోతాను.”

సభ నడిపే నల్లగౌను పెద్దమనిషి గజ్జెల దండం నేలకు తాటించాడు. అతని వెనకే తీనె యూనివర్సిటీ హాల్లోకి నడిచింది. ఇక ముప్పావుగంట సేపు, ప్రొఫెసర్లు గుచ్చి గుచ్చి అడుగుతుంటే అందరి ముందూ నిలబడి జవాబు చెప్పాలి. నెగ్గుకొస్తే డాక్టరేటు.

ఫెమ్కె ముందు వరసలో కూర్చుంది. ఈ ఐదేళ్ళూ ఆమె పడ్డదీ తక్కువేం కాదు. బఠాణీ సూపు డబ్బాలో పోసుకుని ల్యాబుకి మోసేది. వాన పడితే కారు వేసుకెళ్ళి గేటు దగ్గర కాచుకునేది. “తీనెకి ఇప్పుడీ చదువెందుకు? ఇంటిపట్టున ఉండక!” అని చుట్టాల ముందు వెక్కిరించిన పెదనాన్నతో, “మీ కాఫీ చల్లారిపోతోంది, తాగండి” అని ఊరుకుంది.

ఒక సాయంత్రం తీనె ఫోన్లో ఏడ్చింది. “నావల్ల కాదు. మానేస్తాను.”

“మానెయ్యి, వద్దన్నదెవరు? రేపు పొద్దున నీ క్యారెట్ మొలకల వేళ్ళు ఒక్కసారి చూసి, అప్పుడు మానెయ్యి.”

మర్నాడు మైక్రోస్కోపు కింద, క్యారెట్ వేరు కొసన, డీఎన్ఏ కాపీ మొదలుపెట్టిన ప్రతి కణమూ రంగు పట్టి పచ్చగా వెలిగింది. తీనె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

హాల్లో మిగతా ప్రొఫెసర్లు సుళువుగానే వదిలేశారు. బోస్‌మా లేచాడు.

“నీళ్ళు తగిలిన విత్తనంలో డీఎన్ఏ కాపీ ఎలా మొదలవుతుందో, ఈ హాల్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పండి.”

“డీఎన్ఏ పోగు మీద మొదలయ్యే చోట్లు చాలా ఉంటాయి ప్రొఫెసర్ గారూ. కొన్ని ప్రోటీన్లు ఆ చోట్లని పట్టుకుని కూర్చుంటాయి. ఇంకో ప్రోటీన్ని తెచ్చి పోగుకి ఉంగరంలా తొడుగుతాయి. ఉంగరం వెంటనే కదలదు. కణం సరేననాలి. అన్నాక రెండు పేటలూ విడిపోతాయి, కాపీ మొదలవుతుంది.”

“బాగుంది. కానీ మీ ప్రయోగంలో పాత విత్తనాలు చాలా ఆలస్యంగా మొదలుపెట్టాయి. అవి చచ్చిపోతున్నాయని నేనంటాను. సిద్ధమవుతున్నాయని మీరు రాశారు. ఇది శాస్త్రమా, కవిత్వమా?”

హాల్లో నవ్వులు. ఫెమ్కె చెయ్యి నోటి దగ్గరికి పోయింది. గుర్తొచ్చి దించేసుకుంది.

తీనె ఊపిరి పీల్చుకుంది.

“కవిత్వం నాకు రాదండీ. ఏళ్ళ తరబడి ఎండి ఉన్న విత్తనంలో పోగులు అక్కడక్కడా తెగిపోయి ఉంటాయి. నీళ్ళు తగలగానే ముందు వాటిని అతికించుకుంటుంది. అప్పటిదాకా కాపీని ఆపి ఉంచే ప్రోటీను ఒకటుంది. అది లేని పాత విత్తనాల్ని కూడా నానబెట్టాను. అవి చకచకా మొలిచాయి.”

“చూశారా మరి!”

“మొలిచాయి. కానీ వాటి వేళ్ళలో క్రోమోజోములు ముక్కలు ముక్కలు. ఆగి మొదలుపెట్టిన వాటి వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి. చచ్చిపోయేది అంత జాగ్రత్త పడదు కదండీ.”

బోస్‌మా ఆమె థీసిస్ పుస్తకం మూశాడు. “నా వాదన ఈ పూటతో సరి,” అని కూర్చున్నాడు. దండం గజ్జెలు ఘల్లుమన్నాయి. సమయమైపోయింది.

“మీవాళ్ళా?” తీనెని చూపిస్తూ పక్కసీటు ముసలాయన అడిగాడు.

“మావాళ్ళే!” అంది ఫెమ్కె. వరసంతా ఇటు తిరిగేంత గట్టిగా అంది.

డాక్టరేటు ప్రకటించాక అందరూ బయట బీరు గ్లాసులు అందుకున్నారు. బోస్‌మా జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు.

“డాక్టర్ గారూ, ఆ ప్రశ్న వేసింది మిమ్మల్ని పడగొట్టాలనే.”

“తెలుసండీ,” నవ్వింది తీనె.

“అంత నిబ్బరం ఎవరు నేర్పారు మీకు?”

తీనె ఫెమ్కె భుజం పట్టి ముందుకు లాగింది. “ఇదిగో, మా ఇంటి ప్రొఫెసరు. తోసి తోసి నన్ను ఇక్కడిదాకా తెచ్చింది.”

“అలాగా! మీరు ఈమెకి...?” చెయ్యి చాచాడు బోస్‌మా.

ఫెమ్కెకి కళ్ళు చెమర్చాయి. తల మాత్రం దించలేదు.

“డాక్టర్ గారి చిన్న కూతుర్ని.”