డ్రాయింగు మాస్టారి మార్కులు

"ఈ రోజు ఏ వారం?"

"శుక్రవారం... కాదూ?"

"గురువారం! సున్నా. సరే, నిన్న రాత్రి ఏం కూర తిన్నారు?"

"బంగాళాదుంప."

"క్యాబేజీ అండీ, క్యాబేజీ! మళ్లీ మారు వడ్డించుకుని మరీ తిన్నారు. నా ఖర్మ!" పెద్దమేడమ్ ఎర్రపెన్సిల్‌తో బల్ల మీద టక్కున కొట్టింది.

ఎదురుగా స్టూలు మీద మొగుడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా పెత్తనం చేసిన బడిలోనే ఆయన ఉద్యోగం వెలగబెట్టాడు కాబట్టి తిట్లు ఆయనకు కొత్త కాదు. బడి వదిలి పదేళ్లు దాటినా ఆవిడ గొంతు ఇంకా ప్రార్థన మైదానంలోనే ఉంది.

ఈ పరీక్షల గోల కిందటి వానాకాలంలో మొదలైంది. డాక్టరమ్మ రిపోర్టు చూసి నెమ్మదిగా చెప్పింది. "లివర్‌లో వైరస్ ఉంది. ఎప్పుడో ఆపరేషనప్పుడు ఎక్కించిన రక్తంతో వచ్చి ఉంటుంది. ఇన్నేళ్లూ చప్పుడు చేయకుండా లోపల కాపురం పెట్టింది. మందుంది, భయం లేదు. కానీ ఈ వయసులో ఇది ఒక్కోసారి జ్ఞాపకశక్తినీ దెబ్బతీస్తుంది. అప్పుడప్పుడూ చిన్న చిన్న పరీక్షలు పెడుతూ..."

పరీక్ష అన్న మాట చెవిన పడగానే పెద్దమేడమ్‌కు ప్రాణం లేచొచ్చింది. గిర్రున మొగుడి వైపు తిరిగింది.

"విన్నారుగా? రేపట్నుంచి పొద్దున్నే మొహం కడుక్కుని వచ్చి కూర్చోండి. ఈయన సంగతి నాకొదిలేయమ్మా!"

డాక్టరమ్మ ఏదో అనబోయింది. మాస్టారు ఆమె వంక ఒక్క చూపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది. చిన్నప్పుడు ఆమె చదివిందీ ఆ బడిలోనే. పెద్దమేడమ్‌కు ఎదురు చెప్పే అలవాటు అప్పుడే పోయింది.

అప్పట్నుంచి ఆదివారం తప్ప రోజూ పరీక్షే. మూడు మాటలు చెప్పి, కాఫీ తాగాక అప్పజెప్పమనేది. "తాళం, గొడుగు, ఆవు" అంటే మాస్టారు "తాళం, గొడుగు, గేదె" అనేవాడు.

"ఆవు కాఫీ చల్లారేలోపు గేదె అయిపోయిందా? ఒక్కటి తప్పినా సున్నాయే!"

పిట్టగోడ మీంచి పక్కింటావిడకు రోజూ ఫలితాలు ప్రకటించేది. "మా ఆయన పనైపోయిందమ్మా. బుర్ర ఖాళీ."

"అదేంటండీ, మొన్న మా మనవడికి పటంలో నదులన్నీ చూడకుండా గీసిచ్చారు కదా!"

"అది చేతి అలవాటు. బుర్ర వేరు," అని కొట్టిపారేసింది పెద్దమేడమ్.

విచిత్రమేమిటంటే, అన్నీ మర్చిపోయే మాస్టారు మాత్రల వేళ మాత్రం మర్చిపోడు. డబ్బా, రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి ముందు పెట్టేవాడు. ఇద్దరూ చెరొకటి మింగేవారు.

ఒక రోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మింది.

"ఎవరు చేశారీ పని?" అని గర్జించింది పెద్దమేడమ్. ఇంట్లో ఉన్నదే ఇద్దరు.

"నేనే. పెట్టి మర్చిపోయాను," అన్నాడు మాస్టారు వెంటనే.

"ఇకనుంచి మీరొక్కరే వంటింట్లో అడుగు పెట్టారంటే ఊరుకోను!"

"అలాగే. నువ్వూ ఒక్కదానివే వెళ్లకు. వెళితే ఇద్దరం కలిసే వెళదాం."

ఆ సాయంత్రం మాత్రం ఆవిడ గొంతులో గర్జన లేదు. "ఏమండీ, నాకు భయంగా ఉంది. ఏదో ఒక రోజు నన్ను చూసి మీరు ‘ఎవరమ్మా నువ్వు’ అంటే నేనేమైపోవాలి?" అంటూ కళ్లు ఒత్తుకుంది.

మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "ఆ రోజు రానివ్వను."

"అది మీ చేతిలో ఉందా, పిచ్చి మనిషి!"

ఒక ఆదివారం ఇంటి నిండా చుట్టాలు వచ్చి పడ్డారు. ఒకటే కబుర్లు, ఒకటే నవ్వులు. వాళ్లు పొద్దుపోయాక వెళ్లారు. మర్నాడు పొద్దున్నే స్టూలు మీద మాస్టారు మామూలుగానే చేతులు కట్టుకున్నాడు.

"ఏ వారం?"

"మంగళవారం."

"శెభాష్! ఇన్నాళ్లకు ఒక్కటి రైటు చెప్పారు!" పెద్దమేడమ్ మురిసిపోయి బిస్కెట్టు చేతిలో పెట్టింది.

మాస్టారు బిస్కెట్టు తినలేదు. కిటికీ దగ్గరికి పోయి చాలాసేపు నిలబడ్డాడు.

"తప్పు చెప్పినా అదే మొహం, రైటు చెప్పినా అదే మొహం. మీతో వేగలేను బాబూ!" అని విసుక్కుంది ఆవిడ.

మూడు నెలలకోసారి చూపించుకునే గడువు తీరి మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. కుర్చీలో కూర్చుంటూనే పెద్దమేడమ్ మొదలుపెట్టింది.

"లాభం లేదమ్మా. మొద్దుబారిపోయారు. కిందటిసారి కనీసం నాలుగు రైట్లున్నాయి. ఈసారి మొత్తానికి ఒక్కటంటే ఒక్కటే!"

డాక్టరమ్మ గంభీరంగా తలూపింది. "మేడమ్, బయట లైన్లో ఒకటే తోపులాట. మావాళ్ల మాట ఎవరూ వినడం లేదు. మీరొక్కసారి చెబితే..."

ఆ మాటే చాలు. పెద్దమేడమ్ కొంగు బిగించి లేచింది. మరుక్షణం వరండాలోంచి "ఎత్తు ప్రకారం నిలబడండి!" అన్న కేక వినిపించింది. రోగులందరూ నోళ్లు మూసుకున్నారు.

డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసి వచ్చి, మాస్టారి భుజం మీద చెయ్యి వేసింది.

"మీరు కావాలని చెప్పే తప్పుల్లో మేడమ్ పట్టుకోలేనివి నాలుగు నుంచి ఒకటికి తగ్గాయంటే ఆవిడకు మందు పనిచేస్తున్నట్టే మాస్టారూ, ఇంకొన్నాళ్లు ఇలాగే సున్నాలు తెచ్చుకోండి."