టేపు లేని కోటు

అక్క సంచిలో దోమతెర సర్దింది, జలగల కోసం ఉప్పు పొట్లం సర్దింది. పైన కొత్త రెయిన్‌కోటు పెట్టబోతుంటే లాక్కుని నేలకేసి కొట్టాను.

"పిచ్చి పట్టిందేంట్రా? మీ కంపెనీదేనని వెతికి మరీ కొన్నాను!"

అక్క నర్సు. ఉక్కా వానా పోటీపడే కొండల్లో ఉద్యోగమొచ్చింది. రోజూ అడవి దారుల్లో నడిచి గూడేలకు మందులు తీసుకెళ్లాలి.

"అందుకే వద్దంటున్నా! లోపల కుట్ల మీద అంటించే టేపు అయిపోయి మూడు వారాలైంది. అది లేకపోతే సూది దిగిన ప్రతి చోటా నీళ్లు కారతాయి. సూపర్‌వైజరుకు చెబితే నోర్మూసుకుని పంపమన్నాడు, వెధవ!"

"వాడు పంపమంటే పంపిందెవరు?"

"చెకింగులో ఎనిమిది మందిమి ఉన్నాం. ఎవడో సిగ్గూ శరం లేనివాడు. కోటు జేబులో చెక్ చేసినవాడి నంబరు చీటీ ఉంటుంది, తియ్యి. డ్యూటీకే కదా వెళ్తున్నా, ఇవాళ వాడి కాలరు పట్టుకుంటా!"

అక్క చీటీ తీసి చదివింది. నా మెడలో వేలాడుతున్న కార్డు తిప్పి చూసింది. రెండింటి మీదా పదిహేడే.

మూడు వారాలుగా నేను పంపినవన్నీ ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు వేసుకునే కోట్లనుకున్నాను.

"పట్టుకోరా మరి," అంది అక్క, నా కాలరు సరిచేస్తూ.