నాలుగు పాటల హల్వా

"టైమరు పెట్టిన ఆ ఫోను అవతల పెట్టు. పనస హల్వాకి నాలుగు పాటలే లెక్క," అంది జ్ఞానసుందరి బొంగురు గొంతుతో.

పనసగుజ్జూ బెల్లమూ ఉడుకుతున్న మూకుడులో తెడ్డు తిప్పుతున్న కొత్తకోడలు శైలజ ఫోను పక్కన పెట్టేసింది. ఏటా అత్తగారు నాలుగు చర్చి పాటలు పాడేసరికి హల్వా పొయ్యి దిగేదట. ఈసారి జలుబు చేసి ఆవిడ గొంతే పోయింది.

"చర్చి పాటలు నాకింకా రావత్తమ్మా."

"వచ్చిందే పాడు. సెయ్యి మాత్రం ఆపకు, అడుగంటుతాది."

శైలజకు వచ్చింది ఒక్కటే, పాతపట్నంలో వాళ్ళమ్మ మడిలో పాడే వరినాట్ల పాట. ఈ వంటింట్లో అదేం నప్పుతుందనుకుంటూ, బెరుగ్గానే ఎత్తుకుంది.

చరణం మీద చరణం సాగింది. పీట మీద కూర్చున్న అత్తగారి కాలు ఎప్పుడు తాళం అందుకుందో ఆవిడకే తెలీదు. హల్వా మూకుడును వదిలి, ముద్దగా తెడ్డుకు చుట్టుకుంది.

"ఏటే, ఈ పాటెప్పుడవుతాది?"

"మడి నాటడం అయ్యేదాకా అవదత్తమ్మా. ఆపీమంటారా?"

జ్ఞానసుందరి మూకుడులోకి తొంగిచూసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పొయ్యి ఆపీ. పాట ఆపకు."