కింది వాటా చప్పుడు

కింద నుంచి మళ్ళీ కర్ర చప్పుడు. ఠక్, ఠక్, ఠక్.

"అదిగో, మొదలెట్టాడు ముసలాయన!" డ్రమ్మరు చేతిలో పుల్లలు విసిరేశాడు.

ఆ మేడమీది గదిలో ముగ్గురు. పెళ్ళి బ్యాండులో వాయించి విసిగిపోయిన డ్రమ్మరు. సినిమా పాటలతో వేళ్ళు మొద్దుబారిన గిటారిస్టు. పిల్లలకు సంగీతం చెప్పే కీబోర్డు అక్క. ఇంతవరకూ ఎవరూ వాయించనిది వాయించాలని ఒకచోట చేరారు.

వాళ్ళ రాక్ పాటకు మాటల్లేవు. పల్లవి లేదు. కుట్టుమిషను రొద కూడా అందులో ఒక వాయిద్యమే. నాలుగు దెబ్బల నడక ఉన్నట్టుండి ఏడులోకి దూకుతుంది.

అక్కడికొచ్చేసరికి ముగ్గురిదీ తలో దారి. పాట ఆగిపోయేది. వాదులాట మొదలయ్యేది. అంతలో కర్ర చప్పుడు.

"మనదే తప్పు తమ్ముడూ. పడుకున్నాడేమో పెద్దాయన," అంది అక్క.

"పట్టపగలు పడకేంటక్కా? మన పాటంటే అందరికీ ఒళ్ళుమంట. ఈయనకి ఇంకాస్త ఎక్కువ!"

డ్రమ్మరు లేచి మడమతో నేలను దబదబా తన్నాడు.

కింద చప్పుడు ఆగిపోయింది.

"చూశావా? దెబ్బకి దిగొచ్చాడు."

కొన్నాళ్ళకే గది ఖాళీ చేశారు. ఊరి చివర ఒక పాత గోదాములో చోటు దొరికింది. అక్కడ ఒక సాయంత్రం నాలుగు వెళ్ళి ఏడులో కలిసింది. అతుకు కనిపించలేదు. పాట చివరిదాకా వచ్చింది. అక్క కళ్ళు తుడుచుకుంది.

మొదటి కచేరీలో సగం హాలు లేచిపోయింది. మిగతా సగం కదల్లేదు. అది చాలనుకున్నారు.

చప్పుడు బయటికి పోకుండా పాత గది గోడలకు కొట్టిన పరుపులు తెచ్చుకుందామని డ్రమ్మరు వెళ్ళాడు. మెట్ల దగ్గర పెద్దాయన కూతురు ఎదురైంది.

"నాన్న పోయారన్నా. పోయిన నెలలో."

డ్రమ్మరు తల దించుకున్నాడు. "మా రొదతో ఆయన్ని చాలా బాధపెట్టామమ్మా."

"బాధా? నాన్నకి మాట పడిపోయింది, మంచం దిగలేరు. మీరెప్పుడు మొదలెడతారా అని పొద్దున్నుంచీ ఎదురుచూసేవారు."

"మరి ఆ కర్ర?"

"మీరు ఆపేసినప్పుడే కదన్నా గోడ మీద కొట్టేవారు? మిగతాది వాయించమని."

డ్రమ్మరు తలెత్తి ఆమెకేసి చూశాడు.

"ఒకరోజు మీరు పైనుంచి కాలితో జవాబిచ్చారు. ఎంత పొంగిపోయారో!"

"పాట... పూర్తయిందమ్మా," అన్నాడు ఎలాగో.

ఆ అమ్మాయి పైకి, తాళం వేసిన గదికేసి చూసింది.

"మీరు ఖాళీ చేశారని చెప్పడానికి నాకు నోరు రాలేదన్నా. ఆఖరిదాకా కొడుతూనే ఉన్నారు."